టోకెన్ ఇవ్వకముందే అన్నీ తేల్చుకోండి: హైదరాబాద్ కిరాయి ఇళ్ళ గురించి ఒక బ్రోకర్ సమాధానం

మీరు అడిగింది ఇదీ: జూన్ మొదటి వారంలోగా విజయవాడ నుంచి హైదరాబాద్ మారాలి, మీ ఆఫీసు రాయదుర్గంలో, మీ ఆవిడ ఆఫీసు సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర, మెయింటెనెన్స్‌తో కలిపి 30 వేలు దాటకూడదు, కొన్నాళ్ళు మీ తమ్ముడు కూడా మీతోనే ఉంటాడు. కొండాపూర్‌లో ఒక బ్రోకర్ నెల కిరాయి కమిషన్ అడుగుతున్నాడు, అది న్యాయమేనా, మోసపోకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలి అన్నారు. నేను మాదాపూర్, కొండాపూర్ వైపు చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. లోపలి సంగతులు ఉన్నవి ఉన్నట్టే చెప్తాను, పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా లెక్క ఎలా ఉంటుందో తెలుసుకోండి, మిగతావన్నీ దాన్నుంచే అర్థమవుతాయి. ఎన్ని ఫ్లాట్లు తిప్పి చూపించినా బేరం కుదరకపోతే బ్రోకర్‌కు రూపాయి రాదు. అగ్రిమెంట్ మీద సంతకాలు పడి తాళాలు చేతులు మారిన రోజే మా డబ్బు మాకు వస్తుంది, ఆ రోజుతో మా పని అయిపోతుంది. తర్వాత గీజర్ పనిచేయలేదని మీరు ఫోన్ చేస్తే చాలామంది ఎత్తరు, ఎందుకంటే అప్పటికి ఇంకో పార్టీని ఇంకో ఫ్లాట్‌కు తిప్పుతూ ఉంటారు. ఇంకో సంగతి, మీరు మాకు ఒక్కసారి వచ్చే మనిషి, ఓనర్ మాత్రం రెండేళ్ళకోసారి ఫ్లాట్ ఖాళీ అయినప్పుడల్లా మాకే ఫోన్ చేస్తాడు, వాళ్ళ బావమరిది ఫ్లాట్ కూడా మా చేతికే ఇస్తాడు. కాబట్టి గొడవ వస్తే బ్రోకర్ ఎటు మొగ్గుతాడో మీరే ఊహించుకోవచ్చు. ఇందులో మంచీ చెడూ వెతకక్కర్లేదు, డబ్బు వచ్చే దారి అలా ఉంది. మీకు దీనివల్ల తేలే సంగతి ఒకటే. టోకెన్, అంటే ఇల్లు మనకే ఖాయం చేసుకోవడానికి ఇచ్చే అడ్వాన్స్, ఇచ్చేదాకా మీ మాటకు విలువ ఉంటుంది, బ్రోకర్ మీ తరఫున ఓనర్‌తో గట్టిగా మాట్లాడతాడు, బేరం పోతుందేమోనన్న టెన్షన్ అతనికీ ఉంటుంది కాబట్టి. టోకెన్ ఇచ్చాక ఆ బలం పోతుంది. అడగాల్సినవన్నీ అంతకుముందే అడగాలి.

కమిషన్ విషయం. హైదరాబాద్‌లో 15 రోజుల కిరాయి నుంచి నెల కిరాయి దాకా నడుస్తుంది, ఐటీ ఏరియాల్లో నెల అడగడం మామూలే, పాత కాలనీల్లో 15 రోజులకు ఒప్పుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. దీనికి ప్రభుత్వం పెట్టిన రేటంటూ ఏదీ లేదు. కార్డు మీద రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉందని చూపిస్తారు కొందరు, అది అమ్మకాల కోసం తీసుకునే రిజిస్ట్రేషన్, కిరాయి బేరానికి దానితో సంబంధం లేదు. బ్రోకర్ ఇద్దరి దగ్గరా తీసుకుంటున్నాడా అని మొహమాటం లేకుండా అడగండి, ఓనర్ నుంచి కూడా వస్తుంటే మీ వైపు తగ్గించమనడానికి మీకు హక్కుంది. ఇవ్వడం మాత్రం సగం అగ్రిమెంట్ రోజు, సగం తాళాలు చేతికొచ్చాక అని ముందే మాట్లాడుకోండి. ఇల్లు చూపించడానికే 500, 1,000 అడిగేవాడితో అసలు వెళ్ళకండి.

ఇక్కడ చాలామంది పెద్ద పొరపాటు చేసేది ఏరియా దగ్గర. మీరు కొండాపూర్ అని పట్టుకు కూర్చున్నారు, స్నేహితులు అక్కడ ఉన్నారని అనుకుంటా. అక్కడ మీ బడ్జెట్‌లో గేటెడ్ కమ్యూనిటీలో టూ బీహెచ్‌కే దొరకడం కష్టం, స్టాండలోన్ అపార్ట్‌మెంట్‌లో, అంటే విడిగా ఉండే ఒక్క బిల్డింగ్‌లో దొరుకుతుంది, కానీ మీ ఆవిడ రోజూ ప్యారడైజ్ వెళ్ళి రావాలి కదా. మెట్రో బ్లూ లైన్ నాగోల్ నుంచి రాయదుర్గం దాకా వెళ్తుంది, ప్యారడైజ్ స్టేషన్ ఆ లైన్ మీదే ఉంది, మీ ఆఫీసు చివరి స్టేషన్ దగ్గర. మధ్యలో అమీర్‌పేట్, మధురానగర్, యూసుఫ్‌గూడ వస్తాయి. అక్కడ ఇల్లు తీసుకుంటే ఇద్దరూ ఒకే లైన్ మీద చెరోవైపు వెళ్తారు, బండి తీయక్కర్లేదు. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరంలో పాత అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి, గదులు కొత్తవాటి కన్నా పెద్దవి, మంజీరా నీళ్ళ (వాటర్ బోర్డు) కనెక్షన్ చాలావాటికి ఎప్పటి నుంచో ఉంది. ఇబ్బందులు కూడా చెప్తాను, గల్లీలు ఇరుకు, లిఫ్ట్ పాతది, పార్కింగ్ పెద్ద తలనొప్పి. కారు ఉంటే ఒక్కసారి రాత్రి తొమ్మిదింటికి వెళ్ళి సెల్లార్ చూడండి, మీకిస్తానన్న చోటుకు అడ్డంగా ఇంకో కారు పెట్టారంటే రోజూ పొద్దున్నే వాళ్ళ తలుపు కొట్టాల్సి వస్తుంది. నాకు ఈ సలహా వల్ల వచ్చేదేమీ లేదు, ఆ ఏరియా నేను చేయను. ప్రతి ఏరియాకు దాని బ్రోకర్లే ఉంటారు, కొండాపూర్ బ్రోకర్‌ను అడిగితే కొండాపూరే మంచిదంటాడు, మీరు ఎక్కడ ఉండాలో మీ ప్రయాణం చెప్పాలి, బ్రోకర్ చెప్పకూడదు.

ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ఫోన్ చేస్తే "ఆ ఫ్లాట్ ఇప్పుడే పోయింది సార్, అలాంటిదే ఇంకొకటి ఉంది" అనే మాట మీరు ఇప్పటికే విని ఉంటారు. తక్కువ రేటు పెట్టి ఫోన్లు రాబట్టుకోవడానికి పెట్టే ఫొటోలవి. అలాగే ఒకే ఫ్లాట్‌ను ముగ్గురు బ్రోకర్లు మూడు రేట్లకు చెప్తారు, మా వాట్సాప్ గ్రూపుల్లో ఫ్లాట్లు తిరుగుతుంటాయి, ఓనర్‌తో నేరుగా మాట్లాడేవాడు ఒకడే ఉంటాడు, మిగతావాళ్ళు కమిషన్‌లో వాటా కోసం మధ్యలో చేరతారు. "ఓనర్ నంబర్ మీ దగ్గర ఉందా, లేక ఇంకో బ్రోకర్ ద్వారానా" అని అడగండి. ఓనర్‌తో నేరుగా మాట్లాడేవాడి దగ్గరే బేరం తెగుతుంది.

అసలు మోసాలు వేరు. ఆర్మీలో ఆఫీసర్‌ని, ట్రాన్స్‌ఫర్ అయింది, గేట్ పాస్ కోసం ముందు కొంత పంపండి, రీఫండ్ వస్తుంది అని ఫోన్‌లోనే డబ్బు అడిగేవాడు దొంగ, ఐడీ కార్డు ఫొటో పంపినా సరే. డబ్బు రావాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి, స్కాన్ చేసి పిన్ కొడితే మీ డబ్బు పోవడమే గానీ రావడం ఉండదు. ఇంకోటి, ఒకేసారి కొన్ని లక్షలు కట్టండి, రెండేళ్ళు నెల కిరాయి అక్కర్లేదు, చివర్లో మొత్తం తిరిగి ఇస్తాం అనే లీజు. దీన్ని ఓనర్ నేరుగా రాస్తే ఒక లెక్క. మధ్యలో ఏదో కంపెనీ ఓనర్ దగ్గర నెల కిరాయికి తీసుకుని మీ దగ్గర లక్షలు తీసుకుంటోందంటే, ఆ కంపెనీ కిరాయి కట్టడం మానేసిన రోజు ఓనర్ వచ్చి మీ తలుపే కొడతాడు. మీ డబ్బు ఎవరి దగ్గర ఉందో అతనికి తెలియను కూడా తెలియదు. దాని జోలికి పోకండి.

ఇక ఇల్లు చూడటం. అందరూ ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి హాలు ఎంత పెద్దగా ఉంది, కిచెన్‌లో కప్‌బోర్డులు ఉన్నాయా, ఈస్ట్ ఫేసింగేనా అని చూసి వచ్చేస్తారు. నచ్చిన ఫ్లాట్‌ను రెండోసారి పొద్దున ఏడూ ఎనిమిది మధ్య చూడండి, బిల్డింగంతా నీళ్ళు వాడే టైమది. బాత్రూంలో బకెట్ పెట్టి పంపు తిప్పండి, అదే సమయంలో కిచెన్ సింక్ పంపు కూడా తిప్పండి, ధార సన్నబడిపోతే పై అంతస్తుల్లో స్నానాలకు తిప్పలు తప్పవు. షవర్ చిల్లుల చుట్టూ, పంపుల మొదట్లో తెల్లటి పొర పేరుకుని ఉంటే ఆ ఇంటికి వచ్చేవి బోరు నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో అని అర్థం, గీజర్ కాయిల్ తరచూ పోతుంది, వాషింగ్ మెషీన్‌కు కూడా మంచిది కాదు. తర్వాత కిందికి దిగి వాచ్‌మన్‌తో మాట్లాడండి. "నీళ్ళు బాగుంటాయా" అని అడిగితే బాగుంటాయనే అంటాడు పాపం, కమిషన్‌లో అతనికీ కొంత ముడుతుంది. "పోయిన ఏప్రిల్‌లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు పడ్డాయి" అని అడగండి, అప్పుడు నంబర్ చెప్తాడు. ఆ నంబర్ మీ మెయింటెనెన్స్ బిల్లులోకే వస్తుంది. 2,500 అని చెప్పిన మెయింటెనెన్స్ ఎండాకాలంలో ట్యాంకర్ ఖర్చు పంచితే ఎంతవుతుందో ఆ బిల్డింగ్‌లో ఉండేవాళ్ళెవరినైనా లిఫ్ట్ దగ్గర పలకరించి అడగండి. వాటర్ బోర్డు కనెక్షన్ ఉన్న ఇళ్ళకు 2021 నుంచి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం ఉంది, దానికి ఆధార్ లింక్ చేయాలి, ఆ ఫ్లాట్‌కు చేశారో లేదో కూడా కనుక్కోండి.

కరెంటు బిల్లు మీద యూఎస్‌సీ నంబర్ ఉంటుంది, అది ఆ కనెక్షన్‌కు ఇచ్చిన ప్రత్యేక నంబర్. దాన్ని డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వెబ్‌సైట్‌లో కొడితే బాకీ ఎంతో, కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో కనిపిస్తుంది. పాత కిరాయిదారు బిల్లు కట్టకుండా వెళ్తే ఆ బాకీ కనెక్షన్ మీదే ఉంటుంది, ఫ్యూజు పీకేది మాత్రం మీరున్నప్పుడు. చేరిన రోజు మీటర్ రీడింగ్ ఫొటో తీసి ఓనర్‌కు పంపేయండి.

అసలు ఓనర్ ఎవరు అనేది చాలామంది అడగరు, మొహమాటం. బిల్డింగ్‌కు వచ్చి ఫ్లాట్ చూపించేది మామగారో, పెద్దనాన్నో అవుతారు, ఓనర్ అమెరికాలో ఉంటాడు, హైదరాబాద్‌లో ఇది మామూలే. జీపీఏ (ఓనర్ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) ఉందా అని గౌరవంగా అడగండి, లేకపోతే ఫలానా ఫ్లాట్ ఫలానావారికి ఇవ్వడానికి మా మామగారికి అనుమతి ఇస్తున్నాను అని ఓనర్ చేత ఒక మెయిల్ అయినా పెట్టించమనండి. ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు మీద పేరు, అగ్రిమెంట్‌లో పేరు, మీరు డబ్బు వేసే బ్యాంకు అకౌంట్ పేరు, ఈ మూడూ కలవాలి. కరెంటు బిల్లు మీద ఇంకా బిల్డర్ పేరే ఉండొచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు.

ఓనర్ ఎన్నారై అయితే ఇంకో ముడి ఉంది, దీన్ని బ్రోకర్లెవరూ చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. ఇండియాలో ఉండే ఓనర్‌కైతే నెలకు 50 వేలు దాటితేనే మనం టీడీఎస్ (కిరాయిలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి, మీకు వర్తించదు. ఎన్నారై ఓనర్‌కు అలా పరిమితి లేదు, కిరాయి ఎంతైనా కిరాయిదారే 30 శాతం, దానిమీద సెస్‌తో 31.2 శాతం కోసి కట్టాలి, ఆదాయపు పన్ను శాఖ నుంచి ఓనర్ తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప. కట్టకపోతే నోటీసు వచ్చేది కిరాయి కట్టినవాడికే. అందుకే ఓనర్ ఎన్నారైనా కాదా అని టోకెన్‌కు ముందే అడగండి, అయితే ఒక ఆడిటర్‌తో మాట్లాడాకే ముందుకెళ్ళండి. అలాగే మీరు పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు) చూపించుకునేట్టయితే సంవత్సరం కిరాయి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ మీ ఆఫీసులో ఇవ్వాలి. కొందరు ఓనర్లు పాన్ ఇవ్వం, క్యాష్ ఇవ్వండి అంటారు. ఇల్లు మారాక ఈ సంగతి తెలిస్తే ఏడాది పొడవునా మీకే నష్టం.

మీ తమ్ముడి గురించి. "ఫ్యామిలీ అని చెప్పండి, తమ్ముడు చుట్టపుచూపుగా వచ్చాడని తర్వాత చెప్పొచ్చు" అని సలహా ఇచ్చే బ్రోకర్లు ఉంటారు. వద్దు. పెళ్ళికాని అబ్బాయి ఉంటున్నాడని అసోసియేషన్ వాళ్ళు మూడో నెలలో గొడవ చేస్తే ఓనర్ మిమ్మల్నే ఖాళీ చేయమంటాడు. ముందే చెప్పి అగ్రిమెంట్‌లో అతని పేరు కూడా రాయించండి. అలాగే నాన్‌వెజ్ వండుతారా, కుక్క ఉందా, ఇవి దాచొద్దు. కులం సంగతి వేరు. కొందరు ఓనర్లు ఫోన్‌లోనే "పార్టీ ఏమిట్లు?" అని అడుగుతారు. ముస్లిం కుటుంబమైతే ఇల్లు చూడనివ్వకుండానే ఇచ్చేశాం అనేస్తారు. మంచి ఉద్యోగాలు చేసుకునే, నెల ఒకటో తారీఖున కిరాయి వేసే మనుషులు పేరు చెప్పగానే తలుపు మూసుకుపోవడం చూసి చూసి నాకు చాలా బాధగా ఉంటుంది. నేను మాత్రం ఓనర్‌కు ఉద్యోగం, జీతం, ఎంతమంది ఉంటారు అనే మూడూ చెప్తాను, నాలుగోది అడిగితే ఆ ప్రశ్న పార్టీని నేను అడగను సార్ అంటాను. కొన్ని ఫ్లాట్లు నా చేతిలోంచి పోతాయి, పోనీ. మీకు ఆ ప్రశ్న ఎదురైతే చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు, ఆ ఇల్లు వదిలేయడానికి మాత్రం వెనకాడకండి, అలాంటి ఓనర్ తర్వాత వంటింటి వాసన మీద కూడా పేచీ పెడతాడు.

ఇప్పుడు అగ్రిమెంట్. 11 నెలలకు ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటే లీజుకే రిజిస్ట్రేషన్ కావాలనే లెక్కతో, ఆ ఖర్చు తప్పించుకోవడానికి. 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద రాసి నోటరీ చేయిస్తారు. రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కదా అని ధైర్యం పెట్టుకోకండి, అది 1960 నాటిది, 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయిలు దాని కిందికి రావు. అంటే మీకు ఆ చట్టం లేనట్టే, మీకు మిగిలేది ఆ కాగితంలో రాసుకున్న మాటలు. నోటీసు గురించి ఏమీ రాసుకోకపోతే నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు చాలని ఆస్తి బదిలీ చట్టం చెప్తుంది, పిల్లల స్కూల్ మధ్యలో 15 రోజుల్లో ఇల్లు వెతుక్కోగలరా? ఇద్దరికీ రెండు నెలల నోటీసు అని రాయించండి. చాలా ఫార్మాట్లలో కిరాయిదారు రెండు నెలల ముందు చెప్పాలి అని ఉంటుంది, ఓనర్ ఎన్ని రోజుల ముందు చెప్పాలో ఉండదు. అది చదివి పట్టుకోవాలి.

డిపాజిట్ ఇక్కడ మామూలుగా రెండు నెలలు, మూడు అడిగితే బేరమాడండి. డిపాజిట్‌లో గొడవంతా ఖాళీ చేసేటప్పుడు వస్తుంది. పెయింటింగ్, క్లీనింగ్ కింద ఒక నెల కిరాయి పట్టుకోవడం హైదరాబాద్‌లో అలవాటైపోయింది, ఆరు నెలలు ఉన్నా అంతే, నాలుగేళ్ళున్నా అంతే. కిరాయి పెరిగితే పెయింటింగ్ ఖర్చు కూడా పెరుగుతుందా? టోకెన్‌కు ముందే దానికి ఒక అంకె మాట్లాడుకోండి, లేదా అసలు బిల్లు చూపించి అంతే కోయాలి అని రాయించండి. చేరిన రోజే ఖాళీ ఇంటిని వీడియో తీయండి, తలుపు వెనక, సింక్ కింద, బాల్కనీ గ్రిల్, గోడ మీద చెమ్మ అన్నీ కనపడేలా, తీసి అదే రోజు ఓనర్‌కు వాట్సాప్ చేయండి. ఒకావిడ ఖాళీ చేసేటప్పుడు బెడ్‌రూం గోడ చెమ్మకు 15 వేలు కోస్తానన్నాడు ఓనర్, ఆవిడ చేరిన రోజు పంపిన వీడియో తీసి చూపించింది, అదే మరక అప్పుడూ ఉంది. ఇంకేం మాట్లాడలేదు, మొత్తం వేసేశాడు.

టైమింగ్ గురించి ఒక్క మాట. స్కూళ్ళు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి మే నెలంతా అందరూ ఇళ్ళ మీద పడతారు, రేట్లు దిగవు. ఆషాఢం రాగానే ఎవరూ ఇల్లు మారరు, ఫ్లాట్లు ఖాళీగా ఉంటాయి, అప్పుడు ఓనరే ఫోన్ చేసి వెయ్యి, రెండు వేలు తగ్గిస్తానంటాడు. మీకు పట్టింపు లేకపోతే అప్పటిదాకా పీజీలోనో చుట్టాల దగ్గరో ఉండి ఆషాఢంలో చూసుకోండి. పట్టింపు ఉంటే ముందే మంచిరోజు చూసి పాలు పొంగించి, సామాను తర్వాత తెచ్చుకోవచ్చు, కానీ కిరాయి ఏ తారీఖు నుంచి లెక్క అనేది తాళాలు తీసుకోకముందే మాట్లాడండి, తాళం చేతిలో పడ్డ రోజు నుంచే మీటర్ తిరుగుతుందని చాలామంది ఓనర్లు అనుకుంటారు.

ఇన్ని మాట్లాడాక టోకెన్ ఇచ్చే ముందు బ్రోకర్, ఓనర్ ఇద్దరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఇలాంటి మెసేజ్ ఒకటి పెట్టండి: "ఫ్లాట్ 302, కిరాయి 26,000, మెయింటెనెన్స్ 2,500, డిపాజిట్ 52,000, కిరాయి జూన్ 5 నుంచి, 11 నెలల తర్వాత 5 శాతం పెంపు, నోటీసు ఇద్దరికీ రెండు నెలలు, పెయింటింగ్‌కు 10,000 మించి కోయరు, గీజర్, చిమ్నీ చేరేలోపు బాగుచేసి ఇస్తారు, ఒక కారు పార్కింగ్, ఉండేది నేను, నా భార్య, మా తమ్ముడు. ఓనర్ వెనక్కి తగ్గితే టోకెన్ 10,000 పూర్తిగా తిరిగి ఇస్తారు." దానికి ఓనర్ ఓకే అని కొట్టాకే టోకెన్ ఓనర్ అకౌంట్‌కు వేయండి, బ్రోకర్ అకౌంట్‌కు వద్దు. ఇది చూసి చిరాకుపడే ఓనర్లు ఉంటారు, మంచి ఓనర్‌కు మాత్రం ఇలాంటి కిరాయిదారంటేనే నమ్మకం కుదురుతుంది. పోలీస్ వెరిఫికేషన్‌కు ఆధార్ కాపీలు, ఫొటోలు అడుగుతారు, అది మామూలే, కాపీ మీద "ఫలానా ఫ్లాట్ కిరాయి కోసం మాత్రమే" అని తారీఖుతో అడ్డంగా రాసి ఇవ్వండి.

ఇక కొండాపూర్ బ్రోకర్‌కు ఇప్పుడే ఏమీ ఇవ్వకండి. ముందు వచ్చే ఆదివారం మధురానగర్ స్టేషన్‌లో దిగి యూసుఫ్‌గూడ చెక్‌పోస్ట్ దాకా గల్లీలు నడిచి చూడండి, గేట్లకు టూలెట్ బోర్డులు వేలాడుతూ ఉంటాయి, వాటిలో కొన్ని నేరుగా ఓనర్ నంబర్లే. రెండు మూడు నచ్చితే సోమవారం పొద్దున ఏడింటికి మళ్ళీ వెళ్ళి నీళ్ళు చూడండి. ఓనర్ ఎన్నారై అని తేలినా, అగ్రిమెంట్ డ్రాఫ్ట్ చేతికొచ్చినా పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడే పెట్టండి, ఏ లైను మార్పించాలో చూసి చెప్తాను.